ఖాళీ చేతుల అనంతరామయ్య

అనంతరామయ్య ఢిల్లీకి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన చేతిలో సంచితో వీధిలోకి రావడం ఆయనుండే వసంత్ కుంజ్ కాలనీలో ఎవరూ చూడలేదు. వెనక జేబులో పర్సు, పక్క జేబులో రుమాలు, మెడలో ఆఫీసు కార్డు, అంతే ఆయన సరంజామా. మెట్రో స్టేషన్‌లో సంచులున్నవాళ్లంతా ఎక్స్‌రే యంత్రం ముందు వరస కట్టి నిలబడితే, ఆయన మాత్రం వాళ్ల పక్కనుంచి చేతులూపుకుంటూ దర్జాగా వెళ్లిపోయేవాడు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ ఆయన. ఆ ఉద్యోగం తెచ్చిన దర్జా కన్నా ఈ ఖాళీ చేతుల దర్జా అంటేనే ఆయనకు ఎక్కువ మక్కువ.

షుగరు పద్నాలుగేళ్లుగా ఉంది. మాత్రలతో సరిపోయినన్నాళ్లూ చిక్కు రాలేదు. చొక్కా జేబులో చిన్న డబ్బా పడేసుకుంటే సరిపోయేది. కిందటి నవంబరులో డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, ఇక ఇన్సులిన్ తప్పదని, భోజనానికి ముందు పొడుచుకోవాల్సిందేనని చెప్పాడు. దాంతో ఇంట్లోకి ఒక చిన్న సంసారమే దిగింది. ఇన్సులిన్ పెన్ను, దాని సూదులు, రక్తం చూసుకునే మీటరు, స్ట్రిప్పుల డబ్బా, వేలు పొడుచుకునే ఇంకో పెన్ను, దూది, షుగరు పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజు.

"బయటికి వెళ్లినప్పుడల్లా ఇవన్నీ మొయ్యాలా?" అని అడిగాడు డాక్టర్ని.

"మీరు ఎక్కడుంటే ఇవీ అక్కడే" అన్నాడు డాక్టరు.

చలికాలం ఆయనను కాపాడింది. ఢిల్లీ చలికి కోటు వేసుకుంటారు కదా, కోటుకి లోపలా బయటా కలిపి ఐదు జేబులు. ఏ జేబులో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు. ఫిబ్రవరి దాకా రాజాలా తిరిగాడు. హోలీ వెళ్లింది, కోట్లు డ్రైక్లీనింగుకి వెళ్లాయి, వాటితో పాటు జేబులూ వెళ్లిపోయాయి. పొట్టి చేతుల చొక్కాకి మిగిలింది ఒక్కటే జేబు.

ఆ ఒక్క జేబులో పెన్ను పెట్టుకుని మార్చి నెలాఖరులో ఒక మీటింగుకి వెళ్లాడు. పక్కన కూర్చున్న పెద్ద అధికారి ఫైలు చదువుతూ, చదువుతూనే చెయ్యి చాపి ఆయన జేబులోంచి పెన్ను లాగేసుకున్నాడు. మూత తీసి సంతకం చెయ్యబోయి ఆగిపోయాడు. నిబ్బు లేదు, లోపల నీళ్లలాంటి మందున్న గాజుగొట్టం. గదిలో పదకొండు మంది ఆ పెన్ను వంక చూశారు. అధికారి మర్యాదస్తుడు. సారీ చెప్పి తిరిగి ఇచ్చేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది అనంతరామయ్యకి.

ఆ సాయంత్రమే రెండో పెన్నూ రెండో మీటరూ కొని ఆఫీసు సొరుగులో పెట్టేశాడు. ఇంటికొచ్చి మొదటి సెట్టంతా భోజనాల బల్ల మీద పరిచి భార్యను పిలిచాడు.

"కుమారీ, ఇవి నీ బ్యాగులో పడెయ్."

కృష్ణకుమారి వాటి వంక చూసింది, గోడకి తగిలించిన తన గోధుమరంగు హ్యాండ్‌బ్యాగు వంక చూసింది. "అలాగేనండీ" అంది.

'పడెయ్' అంటే ఎంత పనో ఆయనకు తెలియదు. మే నెల ఎండకి మందు చెడిపోకుండా ఆమె పెన్నుని తడిరుమాల్లో చుట్టి, ఆ చుట్టని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకి తువ్వాలు ముక్క కప్పేది. గ్లూకోజు ఒక పక్కన, బిస్కెట్లు ఒక పక్కన. ఇక ఆఫీసుకి తప్ప ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లాలి, కలిసే రావాలి. తెలుగువాళ్ల ఇళ్లలో ఫంక్షన్లకి వెళ్తే ఆడవాళ్ల మధ్య కబుర్లలో కూర్చున్న ఆమెను గుమ్మం దగ్గర నిలబడి కనుసైగతో పిలిచేవాడు. ఆమె బ్యాగు పట్టుకుని లేచి వచ్చేది. ఏదో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఆయన పొడుచుకునేవాడు, ఆమె అన్నీ సర్దేది.

గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు వాసవి ఒక రోజు ఫోన్‌లో ఏదో బ్యాగు బొమ్మ చూపించింది. భుజానికి అడ్డంగా వేసుకునేది. "పాపా, ఆజ్‌కల్ సబ్ వేసుకుంటున్నారు. ఇట్స్ జస్ట్ అ బ్యాగ్" అంది తండ్రితో తన ఢిల్లీ తెలుగులో.

"బస్సు కండక్టరు సంచిలా ఉంది" అన్నాడాయన. అక్కడితో ఆ మాట అయిపోయింది.

మే మూడో ఆదివారం సందీప్ గృహప్రవేశం. సందీప్ కృష్ణకుమారి అన్నగారి అబ్బాయి. ఘాజియాబాద్‌లో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. పొద్దున తొమ్మిదింటికి అనంతరామయ్య ఇన్సులిన్ పొడుచుకుని ఇడ్లీల ముందు కూర్చున్నాడు. రోజూ నాలుగు తినే మనిషి రెండే తిన్నాడు.

"ఇంకో రెండు వేసుకోండి. మందు పూర్తిగా పొడుచుకున్నారు" అంది కృష్ణకుమారి.

"అక్కడ విందు భోజనం పెట్టుకుని ఇక్కడ ఇడ్లీలు మెక్కుతానా? చాల్లే, పద."

ఆటోలో మెట్రో దాకా వెళ్లి, యెల్లో లైనులో రాజీవ్ చౌక్‌లో దిగారు. అక్కడ వైశాలి వెళ్లే బండి మారాలి. ఆదివారమన్న మాటే గానీ, కనాట్ ప్లేస్ చూడవచ్చినవాళ్లతో ప్లాట్‌ఫాం కిటకిటలాడుతోంది. కృష్ణకుమారికి మోకాళ్ల నొప్పి. ముందు పెట్టె ఆడవాళ్లది, అందులో అయితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

"నువ్వు ముందు పెట్టెలో ఎక్కు. నేను దీన్లో ఎక్కుతాను. వైశాలిలో కలుద్దాం" అన్నాడాయన.

ఆమె నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బ్యాగు..." అంటూ ఏదో చెప్పబోయింది. బండి వచ్చేసింది, జనం ఇద్దరినీ చెరో పెట్టెలోకి తోసేశారు.

మండీ హౌస్ దాటేవరకూ ఆయనకు ఏమీ తెలియలేదు. యమునా బ్యాంక్ దగ్గర మెడ వెనక చల్లగా చెమట పట్టింది. ఏసీ ఉంది కదా, చెమటేమిటి అనుకున్నాడు. లక్ష్మీనగర్ వచ్చేసరికి పట్టుకున్న కమ్మీ మీద వేళ్లు వణుకుతున్నాయి. ఎదుటివాళ్ల మాటలు నీళ్లలోంచి వస్తున్నట్టున్నాయి. షుగరు పడిపోతోందని అప్పుడర్థమైంది. చెయ్యి అలవాటుగా చొక్కా జేబు తడిమింది, ఏమీ లేదు. గ్లూకోజు ఇదే బండిలో, మూడు పెట్టెల ముందు, ఆడవాళ్ల పెట్టెలో, కృష్ణకుమారి ఒళ్లో ఉంది.

ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. అంత జనంలో మూడు పెట్టెలు దాటి నడిచి వెళ్లడం మాట అటుంచి, నిలబడడమే కష్టంగా ఉంది. ఎవరినైనా అడగొచ్చు. 'ఒక చాక్లెట్టుందా?' అంటే చాలు. కానీ యాభై ఏడేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, మెట్రోలో చాక్లెట్టు అడుక్కోవడమా? నోరు రాలేదు. నాలుగోసారి ఫోను చేస్తుంటే అది చేతిలోంచి జారి కింద పడింది.

ఫోను తీసి ఇచ్చిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. పొడగరి, తెల్ల కుర్తా, పెద్ద మీసం. ఇచ్చి వదిలెయ్యకుండా అనంతరామయ్య మొహంలోకి తేరిపార చూశాడు.

"భాయీసాబ్, షుగర్ హై క్యా?"

అనంతరామయ్య తలూపాడు. అంతే, ఆ మనిషి వెనక్కి తిరిగి ఒక్క అరుపు అరిచాడు. సీట్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు ఉలిక్కిపడి లేచారు. అనంతరామయ్యని కూర్చోబెట్టి, తన కుర్తా ఎత్తాడు. లోపల బొజ్జకి చుట్టి నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ ఉంది, దాని నిండా జిప్పులున్న అరలు. ఒక అరలోంచి చిన్న జ్యూసు ప్యాకెట్టు తీసి, స్ట్రా గుచ్చి, పసివాడికి పట్టినట్టు నోటి దగ్గర పట్టాడు.

"మెట్రోలో తినకూడదు, తాగకూడదు..." అని గొణిగాడు అనంతరామయ్య, జీవితమంతా నిబంధనలు రాసినవాడు కనక.

"యే దవా హై" అన్నాడతను, ఇది మందే కదా అన్నట్టు. "పీజియే."

తర్వాత ఇంకో అరలోంచి మీటరు తీసి, కొత్త సూది వేసి, వేలు పొడిచి చూశాడు. యాభై ఎనిమిది. కనీసం డెబ్బై ఉండాలి. జ్యూసు అయిపోయేదాకా కదలకుండా ఎదురుగా నిలబడ్డాడు. ప్రీత్ విహార్ దాటాక అనంతరామయ్యకి మాటలు మాటల్లా వినపడసాగాయి. మొదట కలిగింది సిగ్గు, తర్వాత కృతజ్ఞత. ఆ తర్వాత, ఆ బొజ్జ పట్టీ మీద కుతూహలం.

అతని పేరు సత్‌పాల్. ఆనంద్ విహార్ వైపు వైరింగ్ సామాన్ల దుకాణం ఉంది. షుగరు పదేళ్ల నుంచి. అనంతరామయ్య మందులు ముందు పెట్టెలో భార్య బ్యాగులో ఉన్నాయని విని, తన కథ హిందీలో నవ్వుతూ చెప్పుకొచ్చాడు. మొదట్లో అతని మందులన్నీ భార్య పర్సులోనే ఉండేవట. ఒకసారి ఆవిడ వీధిలోని ఆడవాళ్లతో కలిసి ఎనిమిది రోజులు హరిద్వార్ వెళ్లింది. ఆమెతో పాటు అతని పెన్నూ, మీటరూ, స్ట్రిప్పులూ గంగాస్నానానికి వెళ్లాయి. ఇతను దుకాణంలో కూర్చుని, ఏది ఎన్ని యూనిట్లో కూడా తెలియక, భార్యకి ఫోను చేసి తన మందుల పేర్లు తనే అడిగి రాసుకున్నాడు.

"ఆరోజు అనుకున్నాను భాయీసాబ్" అన్నాడు హిందీలోనే. "జబ్బు నాది. బరువు మాత్రం ఆవిడ భుజం మీద. ఇదెక్కడి లెక్క?"

ఆనంద్ విహార్ వచ్చింది. దిగాల్సినవాడు దిగలేదు. మళ్లీ వేలు పొడిచి ఎనభై నాలుగు చూసి, వైశాలి దాకా వచ్చి, ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చోబెట్టి, "భాభీజీ వచ్చేదాకా లేవకండి" అని చెప్పి, అవతలి బండికి పరుగెత్తాడు.

కృష్ణకుమారి ప్లాట్‌ఫాం ఆ చివరి నుంచి కుంటుతూ వస్తోంది. భర్త బెంచీ మీద కూర్చుని ఉండడం చూసి అడుగు తడబడింది. ఆయన స్టేషన్లలో కూర్చునే మనిషి కాదు.

"ఏమైందండీ? ఈ చెమటేమిటి?"

"ఏం లేదు. కొంచెం పడింది. ఒకాయన జ్యూసు ఇచ్చాడు. నీకు నాలుగుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదేం?"

ఆమె మొహం పాలిపోయింది. బ్యాగు బెంచీ మీద పెట్టి, ఫోను కోసం ఒక్కొక్కటీ బయటికి తియ్యడం మొదలుపెట్టింది. తువ్వాలు ముక్క, మందు డబ్బా, మీటరు, స్ట్రిప్పులు, సూదులు, దూది, వాడేసిన సూదులు వేసే చిన్న సీసా, బిస్కెట్లు, గ్లూకోజు, ఆయన కళ్లజోడు, ఆయన డాక్టరు కాగితాల మడత. అన్నిటి అడుగున ఫోను. ఫోనుతో పాటు ఒక దువ్వెన, ఇంటి తాళంచెవి.

"అడుగున పడిపోయిందండీ. వినపడలేదు" అంది. "మీకేదన్నా అయితే..."

అనంతరామయ్య బెంచీ మీద పరిచిన సామాను చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్లుగా ఆమె భుజాన ఏదో ఒక బ్యాగు చూస్తూనే ఉన్నాడు గానీ, లోపల ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు.

"నీ మోకాలి మందేదీ? ఆ పూసుకునేది?" అన్నాడు.

"ఇంట్లో ఉందండీ."

"ఎందుకు తెచ్చుకోలేదు?"

"చోటు లేదు" అందామె మామూలుగా, నిష్ఠూరమేమీ లేకుండా, సామాను మళ్లీ లోపల సర్దుకుంటూ.

ఆయన చెయ్యి చాపి ఆమె చేతిలోంచి మందు డబ్బా తీసుకున్నాడు. ఆమె బిస్కెట్టు ఒకటి విప్పి ఆయన రెండో చేతిలో పెట్టింది. ఆటోలో సందీప్ ఇంటికి వెళ్లేదాకా ఆ డబ్బా ఆయన ఒళ్లోనే ఉంది.

సందీప్ ఇంట్లో వ్రతం అయింది. వడ్డన మొదలవబోతోంది. ఆడవాళ్లు నడవలో చాపల మీద కూర్చున్నారు, మధ్యలో కృష్ణకుమారి చిన్ననాటి స్నేహితురాలిలాంటి వదినగారు ఏదో చెబుతుంటే నవ్వుల హోరు. అనంతరామయ్య అలవాటు ప్రకారం గుమ్మం దగ్గరికి వచ్చాడు. కృష్ణకుమారి అలవాటు ప్రకారం బ్యాగు తీసుకుని లేవబోయింది.

"నువ్వు కూర్చో" అన్నాడాయన. "సామాను మాత్రం ఇలా ఇయ్యి."

"అన్నీనా?"

"అన్నీ. నావన్నీ."

జేబుల్లో కుక్కుకోబోయాడు. ప్యాంటు రెండు పక్కలా ఉబ్బి, మామిడికాయల దొంగలా తయారయ్యాడు. అటూ ఇటూ చూస్తే మూలన తాంబూలం సంచులు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఆకుపచ్చ గుడ్డ సంచులు, వాటి మీద ఎర్రరంగులో కలశం బొమ్మ, కింద 'సందీప్–ప్రీతి, గృహప్రవేశ శుభవేళ' అన్న అక్షరాలు. వెళ్లి ఒకటి తీసుకున్నాడు.

సందీప్ చూశాడు. "మావయ్యా, ఇంకా భోజనమే కాలేదు. అప్పుడే తాంబూలమా?"

"నీ తాంబూలం నువ్వే ఉంచుకో. సంచి నాకియ్యి" అన్నాడు అనంతరామయ్య. సంచిలోంచి పండూ కొబ్బరికాయా తీసి అతని చేతిలో పెట్టాడు. తన సామానంతా అందులో పోసుకున్నాడు. గదిలోకి వెళ్లలేదు. వడ్డనకి కూర్చున్న వరసలోనే కూర్చుని, విస్తట్లో అన్నం పడ్డాక, చొక్కా అంచు కొంచెం ఎత్తి పొడుచుకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకాయన "ఎన్ని యూనిట్లండీ?" అని అడిగి పప్పు కలుపుకోవడంలో పడిపోయాడు. అంతకన్నా ఏమీ జరగలేదు.

మర్నాడు సోమవారం. ఆఫీసు సొరుగులో రెండో సెట్టున్నా దారిలో లేదు కదా అనుకుని, అనంతరామయ్య తాంబూలం సంచితో ఆఫీసుకి బయల్దేరాడు. మెట్రోలో జీవితంలో మొదటిసారి సంచుల వరసలో నిలబడ్డాడు. ముందున్నవాళ్లు కదలకపోతే విసుక్కున్నాడు కూడా.

ఆఫీసులో మొదటి చిక్కు మిఠాయిలతో వచ్చింది. సంచి మీద కలశం బొమ్మ చూసి, ఆయన కొత్త ఇల్లు కొన్నాడనుకుని, సెక్షనంతా వచ్చి శుభాకాంక్షలు చెప్పి మిఠాయి అడిగారు. మిఠాయి కాదు, ఇన్సులిన్ అని చెప్పాల్సి వచ్చింది. ఒకరికి చెప్పాడు, ఇద్దరికి చెప్పాడు, మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోయింది. ఆకాశం విరిగి మీద పడలేదు సరికదా, ఒక్కొక్కరే ఆయన గదికి రావడం మొదలుపెట్టారు. ఒకతను గ్లూకోజు బిళ్లలు కళ్లజోడు డబ్బాలో దాచుకుంటాడట. ఇంకొకతని పెన్ను టిఫిన్ క్యారియరు పై గిన్నెలో, పచ్చడి పక్కన. ఎదురు గదిలో ఏళ్లుగా కలిసి పనిచేస్తున్న తివారీగారు తలుపు దగ్గరగా వేసి, తనది స్కూటరు డిక్కీలో ఉంటుందని గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈ ఎండల్లోనా? మందు ఉడికిపోతుందయ్యా!" అని అనంతరామయ్య హిందీలో కేకలేశాడు. "రేపటి నుంచి డబ్బాలో పెట్టి పైకి తీసుకురండి. తడిరుమాల్లో చుట్టాలి. ఎలాగో నేను చూపిస్తాను." ఆ చుట్టడం ముందురోజు రాత్రే కృష్ణకుమారి దగ్గర నేర్చుకున్నాడు, మూడుసార్లు తప్పు చుట్టి.

వారం తిరక్కుండా తాంబూలం సంచి అడుగున చిరిగింది. శనివారం ఆయనే బజారుకి వెళ్లి భుజానికి అడ్డంగా వేసుకునే నల్ల బ్యాగు కొన్నాడు. నాలుగు అరలు. దుకాణంలోనే మందు డబ్బా పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నాడు. వాసవి ఇంటికొచ్చి చూసి ఇల్లెగిరిపోయేలా నవ్వింది. "కండక్టర్ సాబ్, ఏక్ టికెట్ దేనా!" అని చెయ్యి చాపింది. ఆయన కూతురి అరచేతిలో ఒక గ్లూకోజు బిళ్ల పెట్టాడు.

కృష్ణకుమారికి అలవాటు పడడానికి ఎక్కువ రోజులే పట్టింది. "భుజం తేలిగ్గా ఉంటే ఏదో మర్చిపోయినట్టుందండీ" అనేది. ఆయన స్నానానికి వెళ్లగానే నల్ల బ్యాగు జిప్పు తెరిచి స్ట్రిప్పులు లెక్క చూసేది. ఆయన నీళ్ల చప్పుడులోంచే జిప్పు చప్పుడు వినేవాడు, విననట్టు ఊరుకునేవాడు. ఒకసారి సూదులు నిజంగానే మర్చిపోయాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి అందించింది. ఆ రోజంతా ఆమె మొహంలో ఒక చిన్న సంతోషం కనిపించింది.

ఆగస్టులో కాలనీ ఆడవాళ్లు మూడు రోజులు జైపూర్ వెళ్తూ ఆమెను పిలిచారు. ఇదివరకైతే అడిగేవాళ్లే కాదు. ఆమె రెండు రోజులు తటపటాయించింది.

"వెళ్లు" అన్నాడు అనంతరామయ్య. "నాకేం? నా కొట్టు నా భుజానే ఉంది."

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడూ వండుకోలేక, ఆంధ్రా భవన్ క్యాంటీనుకి వెళ్లాడు. వరసలో నిలబడి, చోటు దొరికాక కూర్చుని, వేలు పొడిచి చూసుకున్నాడు. ప్లేటు ముందుకి వచ్చాక ఇన్సులిన్ తీసుకుని అన్నీ ఎక్కడివక్కడ సర్దాడు. అన్నం కలపబోతుంటే ఫోను మోగింది.

"ఎంతుందండీ?" అంది కృష్ణకుమారి. వెనక ఆడవాళ్ల గోల.

"నూట ముప్ఫై ఎనిమిది. పొడుచుకున్నాను. పప్పు వచ్చింది, గోంగూర వచ్చింది, పులుసు వస్తోంది."

"సరే, తినండి మరి. నేను ఉంటాను. ఇక్కడ చీరలు చూస్తున్నాం."

"ఆగాగు" అన్నాడాయన. "ఏ రంగు చూశావు?"

అవతల ఆడవాళ్ల గోల కాస్త దూరమైంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఆ ప్రశ్న వెయ్యడం అదే మొదలు.

"నెమలికంఠం రంగుది ఒకటుందండీ" అందామె నెమ్మదిగా. "సన్న అంచు. నా వయసుకి బాగుండదేమోనని..."

"బాగుంటుంది. ఇంకోటి ఎలా ఉంది?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అనంతరామయ్య ఫోనుని మంచినీళ్ల గ్లాసుకి ఆనించి, పప్పన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, ఆ రెండో చీర అంచు గురించి వింటూ తినసాగాడు.